బయటివాళ్ల రక్తమా, ఇంట్లోవాళ్ల రక్తమా?

ప్రశ్న: మా అమ్మకు 64 ఏళ్లు. వచ్చే నెలలో తుంటి కీలు మార్పిడి ఆపరేషన్ ఉంది. హిమోగ్లోబిన్ 10.1 వచ్చింది. రెండు యూనిట్ల రక్తం సిద్ధంగా ఉంచాలని డాక్టర్ అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి ఇంట్లో అందరికీ టెన్షన్. బయటివాళ్ల రక్తంలో ఎయిడ్స్, కామెర్లు ఉంటాయేమో, మనవాళ్ల రక్తమే ఎక్కించాలని మామయ్య పట్టుబడుతున్నారు. అమ్మ అయితే అసలు రక్తమే వద్దంటోంది. మా తమ్ముడిది అమ్మ గ్రూపే. మొదట ఇస్తానన్నాడు, ఇప్పుడు ఆ మాట ఎత్తితే లేచి వెళ్లిపోతున్నాడు. కన్నతల్లికి ఒక్క ప్యాకెట్ రక్తం ఇవ్వలేడా అని అందరం కోప్పడుతున్నాం. బ్లడ్ బ్యాంకు రక్తాన్ని నమ్మవచ్చా? తమ్ముడిని ఎలా ఒప్పించాలి?

సమాధానం: ముందు మీ తమ్ముడి సంగతి. అతన్ని ఒప్పించే ప్రయత్నం మానేయండి. ఎందుకు ఇవ్వనంటున్నాడో కూడా అడక్కండి. ఈ రోజే పక్కకు పిలిచి, "నువ్వు ఇవ్వక్కర్లేదురా, అమ్మకు రక్తం బ్లడ్ బ్యాంకు నుంచే తీసుకుంటాం, ఈ విషయం ఇంట్లో ఇంకెవరూ ఎత్తరు" అని చెప్పండి. మామయ్యకు కూడా ఆ మాట గట్టిగానే చెప్పండి. తమ్ముడు నొచ్చుకుంటాడని మాత్రమే ఈ సలహా ఇవ్వడం లేదు. మీ అమ్మ క్షేమం కోసం చెబుతున్నాను.

రక్తం ఇవ్వడానికి వచ్చిన మనిషికి సూది గుచ్చే ముందు ఒక ఫారం ఇచ్చి కొన్ని ప్రశ్నలు అడుగుతారు. ఈమధ్య జ్వరం వచ్చిందా, ఏ మందులు వాడుతున్నారు, ఎప్పుడైనా కామెర్లు వచ్చాయా, పచ్చబొట్టు వేయించుకున్నారా, మత్తు కోసం సూదులు తీసుకున్నారా, కొత్తవాళ్లతో శారీరక సంబంధం ఉందా. చాలామంది దీన్ని కాగితాల తంతు అనుకుంటారు. నిజానికి ల్యాబ్ పరీక్షకు అందని ప్రమాదాలను ఆపేది ఈ జవాబులే. అందుకే జవాబు చెప్పే మనిషికి భయం, మొహమాటం, బలవంతం ఉండకూడదు. బయట మామయ్య కుర్చీలో కూర్చుని ఎదురుచూస్తుంటే, "ఇవ్వను" అంటే కన్నతల్లి మీద ప్రేమ లేదనే మాట పడాల్సి వస్తుందని తెలిస్తే, ఏ కుర్రాడు ఆ ప్రశ్నలకు నిజం రాస్తాడు?

మీ తమ్ముడి కారణం చాలా చిన్నది కావచ్చు. సూది అంటే భయం కావచ్చు. మొటిమలకు ఐసోట్రెటినోయిన్, జుట్టు రాలకుండా ఫినాస్టరైడ్ వంటి మాత్రలు వాడుతుండవచ్చు. ఆ మందులున్న రక్తం గర్భిణికి ఎక్కితే కడుపులో బిడ్డకు హాని జరుగుతుంది కాబట్టి అవి వాడేవాళ్ల రక్తాన్ని కొంతకాలం తీసుకోరు. లేదా ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని విషయం ఏదైనా ఉండవచ్చు. అది ఏదైనా సరే, అతని సొంత విషయం. ఇవ్వకుండా తప్పుకున్నవాడు మీ అమ్మకు మేలే చేస్తున్నాడేమో. ఆ అవకాశాన్ని అతనికి గౌరవంగా ఇవ్వండి.

పరీక్షలు చేస్తారు కదా, ఇంక ఫారంతో పనేమిటని మీరు అడగవచ్చు. దానం చేసిన ప్రతి యూనిట్‌నూ హెచ్‌ఐవీకి, హెపటైటిస్ బి, సిలకు, సిఫిలిస్‌కు పరీక్షిస్తారు. మలేరియా ఉన్న చోట మలేరియాకు, లాటిన్ అమెరికాలో చాగాస్ జబ్బుకు, ఇలా ప్రాంతాన్ని బట్టి మరికొన్ని ఉంటాయి. కానీ వైరస్ ఒంట్లోకి వచ్చిన రోజే పరీక్షలో కనబడదు. సోకిన రోజు నుంచి పరీక్షకు దొరికే రోజు దాకా ఉండే వ్యవధిని విండో పీరియడ్ అంటారు. ఆ రోజుల్లో మనిషి బాగానే ఉంటాడు, రిపోర్టు నెగెటివ్ వస్తుంది, రక్తంలో వైరస్ మాత్రం ఉంటుంది. వైరస్‌ను ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసే యాంటీబాడీలను మాత్రమే వెతికే పరీక్షతో హెచ్‌ఐవీకి ఈ వ్యవధి సుమారు మూడు వారాలు. హెపటైటిస్ సికి రెండు నెలలు దాటవచ్చు. వైరస్ జన్యు పదార్థాన్నే నేరుగా పట్టుకునే నాట్ అనే పరీక్ష వచ్చాక హెచ్‌ఐవీకి సుమారు పది రోజులకు, హెపటైటిస్ సికి వారం రోజులకు తగ్గింది. హెపటైటిస్ బికి మాత్రం నాట్‌తో కూడా మూడు వారాల దాకా పట్టవచ్చు.

అంటే ఎంత మంచి యంత్రం పెట్టినా కొన్ని రోజుల ఖాళీ మిగులుతుంది. దాన్ని పూడ్చగలిగేది దాత నిజాయితీ ఒక్కటే. మామూలుగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, ఏడాదికి రెండు మూడుసార్లు తనంతట తాను వచ్చి రక్తం ఇచ్చే అపరిచితుడికి అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు. అతని రక్తం వచ్చిన ప్రతిసారీ పరీక్షకు వెళుతుంది. మొదటిసారి ఇచ్చేవాళ్లలో ఇన్ఫెక్షన్లు బయటపడే శాతం, పదేపదే ఇచ్చేవాళ్లలో కంటే ఎక్కువని చాలా దేశాల రక్తనిధుల లెక్కలు చెబుతాయి. ఆపరేషన్ కోసం బంధువుల్లోంచి పోగుచేసేవాళ్లలో ఎక్కువమంది మొదటిసారి ఇచ్చేవాళ్లే. ప్రపంచ ఆరోగ్య సభ 1975లోనే డబ్బు తీసుకోకుండా, ఇష్టపూర్వకంగా ఇచ్చే దాతల మీదే రక్త సేవలు నడవాలని తీర్మానించింది. దాని వెనక మంచితనం గురించిన ఆదర్శం మాత్రమే లేదు. ఎవరి రక్తం తక్కువ ప్రమాదమన్న లెక్క కూడా ఉంది.

దగ్గరి బంధువుల రక్తంలో మరో ప్రమాదం ఉంది. ఇది చాలా అరుదు, కానీ వస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఎక్కించే రక్తంలో దాతవి కొన్ని తెల్ల కణాలు ఉంటాయి. మామూలుగా అయితే రోగి శరీరం వాటిని పరాయివని గుర్తుపట్టి తుడిచేస్తుంది. కన్నకొడుకు రక్తమైతే కణాల గుర్తుల్లో సగం తల్లివే. కొన్నిసార్లు ఆ పోలిక ఎంత దగ్గరగా ఉంటుందంటే, తల్లి శరీరం వాటిని పరాయివని గుర్తించదు. ఆ కణాలు మాత్రం తల్లి శరీరాన్ని పరాయిదిగా చూస్తాయి. చర్మం, పేగులు, కాలేయం, చివరికి ఎముక మజ్జ మీద దాడి చేస్తాయి. ఇది వచ్చినవాళ్లలో పదిలో తొమ్మిది మందికి పైగా చనిపోతారు. అందుకే రక్త సంబంధీకుల రక్తం ఎక్కించాల్సి వస్తే ముందు దానికి రేడియేషన్ ఇచ్చి ఆ తెల్ల కణాలు పెరగకుండా చేయాలన్నది నియమం. "మనవాళ్ల రక్తం కాబట్టి కలిసిపోతుంది" అని మామయ్య అంటారు చూడండి, ఇక్కడ ఆ కలిసిపోవడమే చిక్కు. ఇదే వరసలో ఇంకొక్క మాట. మీ ఇంట్లో ఇంకా పిల్లల్ని కనాల్సిన వయసు ఆడవాళ్లుంటే, వాళ్లకు భర్త రక్తం ఎక్కించకూడదు. భర్త కణాల మీద తయారైన యాంటీబాడీలు తర్వాత కడుపులో బిడ్డకు చేటు చేయవచ్చు.

ఇంతా చెప్పి మామయ్య భయం వట్టిదని అనను. ఆయన వయసువాళ్లు విన్న వార్తలు నిజం. 1980లలో రక్తం వల్ల, రక్తంతో చేసిన మందుల వల్ల ఎన్నో దేశాల్లో వేలమందికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి సోకాయి. అందరికంటే ఎక్కువ నష్టపోయింది రక్తం సరిగ్గా గడ్డకట్టని హీమోఫీలియా అనే జబ్బు ఉన్నవాళ్లు. రక్తం గడ్డకట్టడానికి వాళ్లకు ఇచ్చే ఫ్యాక్టర్ 8 మందును వేలమంది ప్లాస్మాను, అంటే రక్తంలోని ద్రవభాగాన్ని, ఒకేచోట కలిపి తయారు చేసేవారు. అందులో ఒక్కరిది చెడ్డదైనా మొత్తం చెడినట్టే. అమెరికాలో ఆ ప్లాస్మాను డబ్బిచ్చి కొనేవారు, జైళ్లలో ఖైదీల నుంచి కూడా తీసుకునేవారు. ఆ మందు బ్రిటన్‌కు దిగుమతి అయింది. అక్కడ 1970ల నుంచి 1991 దాకా ఎక్కించిన రక్తం వల్ల, ఇలాంటి మందుల వల్ల కలిపి 30,000 మందికి పైగా ఇన్ఫెక్షన్ల పాలయ్యారు, సుమారు 3,000 మంది చనిపోయారు. సర్ బ్రయాన్ లాంగ్‌స్టాఫ్ నడిపిన విచారణ 2024 మే నెలలో తుది నివేదిక ఇచ్చింది. జరిగింది అనుకోని ప్రమాదం కాదనీ, అధికారంలో ఉన్నవాళ్లు రోగుల భద్రతను మొదటి స్థానంలో పెట్టకపోవడం వల్ల జరిగిందనీ తేల్చింది. ఫ్రాన్స్‌లో 1985లో, వేడితో వైరస్‌ను చంపిన మందు అందుబాటులోకి వచ్చాక కూడా, పాత నిల్వలు పంచుతూ పోయారు. జాతీయ రక్త మార్పిడి కేంద్రం అధిపతికి 1992లో జైలు శిక్ష పడింది. కెనడాలో క్రీవర్ కమిషన్ 1997లో నివేదిక ఇచ్చాక, రెడ్ క్రాస్ చేతిలోని రక్త సేవలను తీసేసి కొత్త సంస్థలకు అప్పగించారు.

ఈ చరిత్ర చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. హీమోఫీలియాకు ఆ మందు తీసుకున్న పిల్లల్లో చాలామంది పెద్దవాళ్లు కాకుండానే పోయారు. కానీ ఆ కోపం ఎవరి మీద ఉండాలో కూడా ఆ చరిత్రే చెబుతుంది. మోసం చేసింది ఊరూ పేరూ తెలియని దాత కాదు. డబ్బుకు కొన్న ప్లాస్మా, వేలమందిది కలిపేసే పద్ధతి, తెలిసీ ఆలస్యం చేసిన అధికారులు. వాటిలో ప్రతిదానికీ తర్వాత ఏదో ఒక కట్టడి వచ్చింది. హెచ్‌ఐవీ పరీక్ష అమెరికాలో 1985 మార్చిలో మొదలైంది. 1989లో హెపటైటిస్ సి వైరస్‌ను గుర్తించారు, మరుసటి ఏడాదే దానికి పరీక్ష వచ్చింది. 2002లో అమెరికాలో వెస్ట్ నైల్ వైరస్ రక్తం ద్వారా సోకుతోందని బయటపడితే, 2003 వేసవికల్లా దానాలన్నింటికీ ఆ పరీక్ష చేయడం మొదలుపెట్టారు. నాట్ పరీక్ష, స్వచ్ఛంద దాతలు రెండూ ఉన్న దేశాల్లో ఇప్పుడు ఒక యూనిట్ రక్తం వల్ల హెచ్‌ఐవీ సోకే అవకాశం పది లక్షల్లో ఒకటి కంటే తక్కువ. ఈ రెండూ సరిగ్గా లేనిచోట ప్రమాదం ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. కాబట్టి మీ ఆసుపత్రికి రక్తం ఎక్కడి నుంచి వస్తుంది, దానికి నాట్ పరీక్ష చేస్తారా, దాతలు స్వచ్ఛందంగా వచ్చినవాళ్లేనా అని అడగండి. అడగడం మీ హక్కు. మంచి రక్తనిధి అయితే దాచకుండా చెబుతుంది.

ఒకవేళ ఆసుపత్రిలో నిల్వ తక్కువగా ఉంది, మీ తరఫున ఎవరైనా రక్తం ఇవ్వమని అడిగితే, నిజంగా ఇష్టమున్నవాళ్లను మాత్రమే పంపండి. వాళ్లిచ్చే రక్తం నిల్వలోకి వెళ్లి మరొకరికి ఉపయోగపడుతుంది, మీ అమ్మకు పరీక్షలు పూర్తయి సిద్ధంగా ఉన్న మరో యూనిట్ వస్తుంది. పంపేవాళ్లకు ఒక మాట చెప్పండి: లోపలికి వెళ్లాక ఏదైనా కారణంతో వద్దనుకుంటే తిరిగి వచ్చేయవచ్చు, ఎవరూ ఏమీ అడగరు. అంతేగానీ గేటు దగ్గర తిరిగే మనిషి "నేను దాతను తెస్తాను, ఇంత ఇవ్వండి" అంటే, ఎంత గాభరాలో ఉన్నా సరే, వద్దనండి. రక్తం అమ్ముకునేవాడు ఫారంలో నిజం రాస్తే ఆ రోజు సంపాదన పోతుంది. ఆసుపత్రి వాళ్లకు చెబితే వేరే రక్తనిధి నుంచి తెప్పించే దారి వాళ్లే చూస్తారు.

ఇప్పుడు మీ ఇంట్లో ఎవరూ మాట్లాడని ప్రమాదం దగ్గరికి వద్దాం. ఒక మనిషికి ఇవ్వాల్సిన రక్తం మరో మనిషికి ఎక్కించడం. రక్తంలో గ్రూపులున్నాయని కార్ల్ లాండ్‌స్టీనర్ 1901లో తేల్చి చెప్పారు. నూట పాతికేళ్లవుతున్నా ఈ పొరపాటు పూర్తిగా పోలేదు. 'ఓ' (O) గ్రూపు మనిషి ఒంట్లో ఎ, బి కణాలను నాశనం చేసే యాంటీబాడీలు పుట్టుకతో వచ్చినంత సహజంగా సిద్ధంగా ఉంటాయి. అలాంటి మనిషికి ఎ గ్రూపు రక్తం ఎక్కిస్తే, కొద్ది మిల్లీలీటర్లు వెళ్లేసరికే ఆ కణాలు పగిలిపోవడం మొదలవుతుంది. కిడ్నీలు దెబ్బతినవచ్చు, బీపీ పడిపోవచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. బ్రిటన్‌లో 1996 నుంచి రక్తం ఎక్కించడంలో జరిగే అనర్థాలను షాట్ అనే వ్యవస్థ నమోదు చేస్తోంది. దాని నివేదికల్లో ఏటా పెద్ద వాటా మనుషులు చేసిన పొరపాట్లదే, వైరస్‌లది కాదు.

ఈ పొరపాటు ల్యాబ్‌లో జరిగేది తక్కువ. మంచం దగ్గర జరిగేది ఎక్కువ. గ్రూపు చూడటానికి రక్తం తీసి, ట్యూబు మీద పేరు అక్కడే రాయకుండా నర్సుల బల్ల దగ్గరికి తీసుకెళ్లి రాస్తే, పక్క మంచం మనిషి పేరు పడవచ్చు. ఒక అంతర్జాతీయ సర్వేలో, సుమారు 2,000 శాంపిళ్లకు ఒకదానిలో ట్యూబు మీద పేరు ఒకరిది, లోపల రక్తం మరొకరిది అని తేలింది. రెండో చోటు రక్తం తగిలించే క్షణం. "మీరు ఫలానా గారే కదా?" అని అడిగితే, మత్తు పూర్తిగా దిగని మనిషి దేనికైనా "ఊఁ" అంటుంది. అందుకే అడగాల్సిన పద్ధతి "మీ పేరేమిటి?" అని. జవాబు రోగి నోటి నుంచి రావాలి. రాకపోతే చేతి పట్టీ చూడాలి.

మీరు చేయగలిగిన పెద్ద సాయం ఇక్కడే ఉంది. శాంపిల్ తీసిన నర్సు మంచం పక్కనే ట్యూబు మీద పేరు రాసిందా చూడండి. గ్రూపు కోసం వేర్వేరు సమయాల్లో రెండుసార్లు రక్తం తీస్తే విసుక్కోకండి, అది మీ అమ్మను కాపాడే పద్ధతి. చేతి పట్టీ మీద పేరు, ఆసుపత్రి నంబరు తప్పు లేకుండా ఉన్నాయో లేదో చేరిన రోజే సరిచూడండి. పట్టీ వాచిపోయిన చేతికి బిగుతుగా ఉందని ఎవరైనా కత్తిరిస్తే, మరోటి కట్టేదాకా వదలకండి. రక్తం తెచ్చినప్పుడు ప్యాకెట్‌కు కట్టిన చీటీ మీది పేరు, నంబరు, గ్రూపు, యూనిట్ నంబరు, గడువు తేదీ మంచం దగ్గరే పోల్చి చూడమనండి. వాళ్లు చూస్తారు, అది వాళ్ల పనే. మీరు పక్కన నిలబడి "అమ్మ పట్టీ కూడా ఒకసారి చూస్తారా సిస్టర్" అంటే ఎవరూ తప్పు పట్టరు. తప్పు పట్టినా ఫరవాలేదు.

రక్తం మొదలైన తర్వాత మొదటి పదిహేను నిమిషాలు అమ్మ పక్కనే ఉండండి. ప్రమాదకరమైన రియాక్షన్లలో చాలావరకు అప్పుడే తల చూపిస్తాయి. చలి, వణుకు, జ్వరం, నడుం నొప్పి, సూది పెట్టిన చోట మంట, గుండెలో దడ, ఆయాసం, ఒంటి మీద దద్దుర్లు, మూత్రం ఎర్రగా లేదా నల్లగా రావడం. కొందరికి ఇవేవీ చెప్పడం రాదు, "ఏదోలా ఉంది, భయంగా ఉంది" అని మాత్రమే అంటారు. ఆ మాటను కూడా తేలిగ్గా తీసుకోకండి. వెంటనే నర్సును పిలిచి ఆపించండి. సూది తీయరు, గొట్టం మార్చి సెలైన్ పెడతారు, ప్యాకెట్‌ను పరీక్ష కోసం వెనక్కి పంపుతారు.

ప్యాకెట్ చల్లగా ఉందని వేడినీళ్లలో పెట్టడం, చంకలో పెట్టుకోవడం లాంటివి చేయకండి, ఎవరినీ చేయనివ్వకండి. వేడికి కణాలు పగిలిపోతాయి. ఎర్ర కణాల ప్యాకెట్‌ను 2 నుంచి 6 డిగ్రీల మధ్య ఉంచుతారు, బయటికి తీశాక నాలుగు గంటల్లోగా ఎక్కించడం పూర్తి కావాలి. ఒకవేళ రక్తనిధి నుంచి మీ చేతే తెప్పిస్తే, వాళ్లిచ్చిన చల్లని పెట్టెలోనే నేరుగా వార్డుకు తీసుకురండి. ప్లేట్‌లెట్ల సంగతి వేరు. వాటిని గది ఉష్ణోగ్రతలోనే కదుపుతూ ఉంచాలి, అందుకే వాటిలో బ్యాక్టీరియా పెరిగే అవకాశం ఎక్కువ. మీ అమ్మకు వాటి అవసరం రాకపోవచ్చు.

మీ అమ్మ వయసువాళ్ల విషయంలో నేను ఎక్కువ జాగ్రత్త పడేది మరో దాని గురించి. రక్తం వేగంగా, అవసరానికి మించి ఎక్కితే గుండె ఆ భారాన్ని మోయలేక ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. రక్తం ఎక్కించడానికి సంబంధించి నమోదయ్యే మరణాల్లో ఈమధ్య సంవత్సరాల్లో ముందు వరసలో ఉన్నది ఇదే. వయసు మళ్లినవాళ్లు, బరువు తక్కువ ఉన్నవాళ్లు, గుండె లేదా కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఎక్కువగా వస్తుంది. ఆయాసం, దగ్గు, పడుకోలేకపోవడం దీని గుర్తులు. ఎక్కించడం అయిపోయిన కొన్ని గంటల తర్వాత కూడా రావచ్చు. అమ్మకు గుండె, కిడ్నీ ఇబ్బందులు ఏమైనా ఉంటే ముందే చెప్పండి. ఒక యూనిట్ ఎక్కించి, మళ్లీ హిమోగ్లోబిన్ చూసి, అవసరమైతేనే రెండోది పెట్టే పద్ధతి పాటిస్తారా అని అడగండి. "రెండు యూనిట్లు సిద్ధం" అంటే రెండూ ఎక్కించాలని అర్థం కాదు. ఆ సంగతి మామయ్యకు కూడా చెప్పండి.

అసలు ఎక్కించే అవసరమే రాకుండా చూసుకుంటే అన్నింటికంటే మంచిది. మీకు నెల సమయం ఉంది, ఆ నెల చాలా విలువైనది. 10.1 హిమోగ్లోబిన్‌కు కారణం ఏమిటో తేల్చమని ఈ వారమే డాక్టర్‌ను అడగండి. ఇనుము లోపమా, బి12 లోపమా, ఎక్కడైనా రక్తం పోతోందా, కిడ్నీల వల్లనా? ఇనుము లోపమైతే మాత్రలకు వారాలు పడుతుంది. సమయం తక్కువగా ఉంటే నరానికి ఇచ్చే ఐరన్ ఇంజెక్షన్ గురించి అడగండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ఏది ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి, మీరంతట మీరు ఆపకండి. ఆపరేషన్‌లో రక్తస్రావం తగ్గించడానికి ట్రానెగ్జామిక్ యాసిడ్ ఇస్తారా అని కూడా కనుక్కోండి. కీళ్ల మార్పిడిలో దాని వల్ల రక్తం ఎక్కించే అవసరం బాగా తగ్గుతుంది. అందరికీ సరిపడదు కాబట్టి నిర్ణయం మాత్రం మత్తు డాక్టర్‌ది, సర్జన్‌ది.

మరో సంగతి తెలిస్తే మీ భయం కొంత తగ్గవచ్చు. ఒకప్పుడు హిమోగ్లోబిన్ 10 కంటే తగ్గగానే రక్తం ఎక్కించేవారు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన పెద్దవాళ్లు, గుండె జబ్బు లేదా దాని ముప్పు ఉన్నవాళ్లు 2,016 మంది మీద చేసిన ఒక పెద్ద అధ్యయనం 2011లో వచ్చింది. కొందరికి 10 కంటే తగ్గితే రక్తం ఇచ్చారు, మిగతావాళ్లకు 8 కంటే తగ్గితేనో లక్షణాలు కనిపిస్తేనో ఇచ్చారు. అరవై రోజుల తర్వాత చూస్తే మరణాల్లో గానీ, సాయం లేకుండా గది దాటి నడవగలగడంలో గానీ రెండు వర్గాలకూ తేడా లేదు. అందుకే ఇప్పుడు ఎముకల ఆపరేషన్ల తర్వాత చాలామంది డాక్టర్లు 8 దాకా వేచి చూస్తారు. మీ అమ్మకు 9 వచ్చి, ఆయాసం, నీరసం లేకుండా ఉంటే, "రక్తం పెట్టలేదేం" అని బంధువులు నిలదీయాల్సిన పనిలేదు.

ఇక అమ్మ మాట. ఆమె వద్దంటోందంటే వినాల్సిందే, శరీరం ఆమెది. కానీ దేనికి వద్దంటోందో కూర్చుని అడగండి. ఎవరో ఎయిడ్స్ గురించి చెప్పిన మాట మనసులో పడిందా, రక్తం ఎక్కించాల్సి వస్తే పరిస్థితి విషమించినట్టే అనుకుంటోందా, కొడుకును ఇబ్బంది పెడుతున్నానని బాధపడుతోందా? చివరిది అయి ఉంటుందని నాకు అనిపిస్తోంది. తమ్ముడు ఇవ్వక్కర్లేదని ఆమె ముందే చెప్పండి. తర్వాత సర్జన్‌తో, మత్తు డాక్టర్‌తో ఆమెనే నేరుగా మాట్లాడనివ్వండి. ఒక విషయం మాత్రం ఆమెకు స్పష్టంగా తెలియాలి. ఆపరేషన్ బల్ల మీద రక్తస్రావం అదుపు తప్పితే, చాలా అరుదైన ఇన్ఫెక్షన్ ముప్పుకు భయపడి రక్తం వద్దనడం వల్ల ఆ గంటలోనే ప్రాణం పోవచ్చు. ఇవన్నీ విన్నాక కూడా వద్దంటే, ఆపరేషన్‌కు ముందే కాగితం మీద రాయించాలి, డాక్టర్లు దానికి తగ్గట్టు వేరే ఏర్పాట్లు చేసుకుంటారు. ఆపరేషన్ రోజు తలుపు దగ్గర తేల్చే విషయం కాదిది.

అమ్మకు గతంలో ఎప్పుడైనా రక్తం ఎక్కించి ఉంటే, కాన్పుల్లో గ్రూపు ఇబ్బంది ఏదైనా వచ్చి ఉంటే, ఆ సంగతి శాంపిల్ తీసే రోజే చెప్పండి. పాత రక్తం వల్ల, కాన్పుల వల్ల పుట్టిన యాంటీబాడీలు కాలం గడిచేకొద్దీ పరీక్షకు అందనంత తగ్గిపోతాయి, కొత్త రక్తం ఎక్కగానే మళ్లీ లేస్తాయి. అందుకే ఇంటికి వచ్చాక కూడా రెండు వారాలు కనిపెట్టి ఉండండి. కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, కారణం లేని జ్వరం, మళ్లీ నీరసం కనిపిస్తే అదే ఆసుపత్రికి ఫోన్ చేసి, ఫలానా తేదీన రక్తం ఎక్కించారని మొదటి వాక్యంలోనే చెప్పండి. డిశ్చార్జి కాగితాల్లో ఎన్ని యూనిట్లు, ఏ రోజు, ఏ గ్రూపు, ఏదైనా యాంటీబాడీ దొరికిందా అన్నవి రాయించుకోండి. రాయకపోతే అడిగి రాయించుకుని, అమ్మ మందుల ఫైల్లో పైన పెట్టండి.